ప్రసాదం అందరి చేతికీ అందాలంటే

ఒక కార్తీక మాసంలో మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం చేసుకున్నాం. పీటల మీద కూర్చున్నప్పటి నుంచి హారతి దాకా ఏ లోటూ జరగలేదు. వచ్చినవాళ్ళు రవ్వ ప్రసాదం ఎంత బాగా కుదిరిందో చెప్పుకుంటూ వెళ్ళారు. సాయంత్రం నాలుగింటికి, పొద్దుటి నుంచీ గిన్నెలు తోమి, వాకిలి కడిగి, మామిడి తోరణాలు కట్టడానికి కూడా ఓ చెయ్యి వేసిన ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడి, "కాస్త ప్రసాదం పెట్టండమ్మా, పిల్లలకి పట్టుకెళ్తాను" అంది. గుండిగ మూత తీశాను. అడుగున గరిటె గీతలు, అంచున పేరుకున్న నెయ్యి. అంతే. ఆ గుండిగ తోమవలసింది కూడా ఆవిడే.

ఆ పూటే కథలో విన్నాం. తుంగధ్వజుడనే రాజు వేటకు వెళ్ళి, మర్రిచెట్టు కింద గొల్లలు సత్యదేవుడి పూజ చేసుకుంటుంటే చూసి కూడా పక్కకు పోయాడు. వాళ్ళు తెచ్చి ముందు పెట్టిన ప్రసాదాన్ని ముట్టుకోకుండా వదిలేశాడు. నూరుగురు కొడుకుల్నీ, సిరిసంపదల్నీ పోగొట్టుకున్నాడు. మళ్ళీ ఆ గొల్లల దగ్గరికే వచ్చి, వాళ్ళతో కలిసి పూజ చేసి, వాళ్ళ చేతి ప్రసాదం తిన్నాకే అన్నీ తిరిగి దక్కాయి. అంతకు ముందు అధ్యాయంలో కళావతి కూడా అంతే. భర్త పడవ ఒడ్డుకు చేరిందన్న సంతోషంలో ప్రసాదం తీసుకోకుండా పరుగెత్తింది, పడవ కనిపించకుండా పోయింది. మనం ఏటా వినే కథలో సగం ప్రసాదం గురించే ఉంది. విన్న గంటలోపే నేను మరిచిపోయాను.

అప్పటి నుంచి మా ఇంట్లో ప్రసాదం పని చివరి నుంచి మొదలవుతుంది. ఎవరెవరి చేతికి అందాలో ముందు అనుకుని, అక్కడి నుంచి వెనక్కి వంట దాకా వస్తాం. దేవుడి ముందు పెట్టేదాకా అది నైవేద్యం. ప్రసాదమయ్యాక అది ఇంకొకరి చేతిలో పడాలి, అప్పుడే ఆ పని పూర్తవుతుంది. ఈ పద్ధతి ఏ పూజకైనా సరిపోతుంది. నెలకోసారి దీపం పెట్టి పండు నివేదించేవాళ్ళకైనా, వందమందిని పిలిచి వ్రతం చేసేవాళ్ళకైనా.

ముందు మనుషుల లెక్క

పూజకు రెండు రోజుల ముందు ఒక కాగితం తీసుకోండి. సామాన్ల చీటీ తరవాత రాద్దురుగాని, ముందు మనుషుల చీటీ రాయండి. పిలిచినవాళ్ళ పేర్లు ఎలాగూ రాస్తారు. వాటి కింద ఒక గీత గీసి, పిలవకపోయినా ఆ రోజు మీ ఇంటి కోసం పనిచేసేవాళ్ళ పేర్లూ, రాలేనివాళ్ళ పేర్లూ రాయండి. ఇంటి పనికి వచ్చే ఆవిడ, వాచ్‌మన్, అతని కుటుంబం, పూలు తెచ్చి ఇచ్చే అబ్బాయి, చెత్త బండి మనిషి, పక్కింట్లో మంచం మీద ఉన్న పెద్దాయన, పూజ చేయించిన పురోహితుడి ఇంట్లోవాళ్ళు, రాలేనని ముందే చెప్పిన అక్కయ్య. గీత కింద ఉన్నవాళ్ళ లెక్క చాలాసార్లు గీత పైన ఉన్నవాళ్ళకు సమానంగా వస్తుంది. మొదటిసారి రాసినప్పుడు నాకు పద్నాలుగు పేర్లు వచ్చాయి. అన్నేళ్ళూ ఆ పద్నాలుగు మందినీ నేను లెక్కలోకి తీసుకోలేదు.

ఒక్కరే ఉండే ఇల్లయితే? ఒక్కరే ఉన్నా పంచుకోవడం తప్పదు. ఋగ్వేదంలో "కేవలాఘో భవతి కేవలాదీ" అని ఒక మాట ఉంది. ఒంటరిగా తినేవాడు పాపాన్నీ ఒంటరిగానే మోస్తాడని దాని అర్థం. రెండు అరటిపళ్ళు నివేదించి, ఒకటి మీరు తిని, ఒకటి లిఫ్టు దగ్గర ఎదురైనవాళ్ళకి ఇస్తే చాలు. పటికబెల్లం ముక్కలైనా సరే.

ఎంత వండాలి

ప్రసాదం భోజనం కాదు. ఒక మనిషికి యాభై, అరవై గ్రాములు, అంటే అరచేతి గుంటలో పట్టేంత. ఇది గుర్తుంటే లెక్క తేలిక. కిలో బియ్యం వండితే సుమారు రెండున్నర కిలోల అన్నం అవుతుంది. పులిహోర కలిపితే నలభై మందికి హాయిగా వస్తుంది. పదిహేను మంది ఉన్న ఇంట్లో రెండు కిలోలు వండి, మర్నాడు ఏం చెయ్యాలో తెలియక బాధపడేవాళ్ళని చాలామందిని చూశాను.

సత్యనారాయణ వ్రతానికి "సపాదం" అన్నారు కదా అని కేజింబావు రవ్వ, కేజింబావు పంచదార తూచి తెస్తారు. నీళ్ళు, పాలు, నెయ్యి కలిసి అది ఐదు కిలోల దాకా తూగుతుంది. వందమందికి పంచవచ్చు. సపాదమంటే ఒకటింబావు అనే అర్థం, ఏ కొలతకు ఒకటింబావు అన్నది మీ ఇష్టం. ఒకటింబావు గ్లాసు రవ్వతో చేసినా వ్రతానికి లోటు రాదు, పది పదిహేను మందికి సరిపోతుంది. గోధుమ రవ్వ దొరక్కపోతే వరి నూకైనా, పంచదార లేకపోతే బెల్లమైనా పరవాలేదని కథలోనే ఉంది.

మీ చీటీలో ఉన్న లెక్క మీద ఓ పావు వంతు ఎక్కువ వేసుకోండి. పిలవనివాళ్ళు, దారిన పోతూ తలుపు తట్టినవాళ్ళు ఎప్పుడూ ఉంటారు.

ఏది వండాలి

పండగకో నైవేద్యం ఎలాగూ ఉంది. శ్రీరామనవమికి పానకం, వడపప్పు. వినాయక చవితికి ఉండ్రాళ్ళు, కుడుములు. నాగులచవితికి చలిమిడి, చిమ్మిలి. రథసప్తమికి చిక్కుడాకుల్లో పరమాన్నం. తొలి ఏకాదశికి పేలపిండి. అందులో మనం మార్చేదేమీ లేదు. మీరు ఎంచుకోవలసి వచ్చినప్పుడు మాత్రం, పంచడానికి ఎంతసేపు పడుతుందో చూసి ఎంచుకోండి.

వెంటనే అందరూ తినేస్తారంటే చక్కెర పొంగలి, దద్దోజనం, పాయసం ఏదైనా బాగుంటుంది. కాస్త ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఉంటే పులిహోర మంచిది, చింతపండు పులుపూ ఉప్పూ నూనే దానికి కాస్త కాపు. ఇళ్ళకి పంపాలంటే, ఊరు దాటాలంటే రవ్వలడ్డు, కొబ్బరి లౌజు, పేలపిండి, పటికబెల్లం, ఖర్జూరం లాంటి తడిలేనివి చెయ్యండి.

ఇక్కడ ఒక మాట కాస్త గట్టిగా చెప్పాలి. అన్నంతో చేసిన ప్రసాదం వండాక గోరువెచ్చగా గంటల తరబడి మూతపెట్టి ఉంచకండి. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికించినా చావవు. అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు అవి మొలకెత్తి విషాన్ని తయారు చేస్తాయి, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. ఐదు డిగ్రీల నుంచి అరవై డిగ్రీల మధ్య వేడిలో వండిన పదార్థం రెండు గంటలకు మించి ఉండకూడదని ఆహార భద్రత చెప్పేవాళ్ళ లెక్క. మన ఎండాకాలంలో గంటే అనుకోండి. దేవుడికి పెట్టింది పాడవదని కొందరు నమ్ముతారు. ఆ నమ్మకం మీద నాకు గౌరవమే, కానీ దేవుడి పేరు చెప్పి ఇచ్చినదాన్ని తిని ఒక పసిబిడ్డ వాంతులు చేసుకుంటే ఆ బాధ్యత మనది. అందుకని వంట పొద్దున్నే ముగించెయ్యడం మానండి. మహానైవేద్యం వేళ పురోహితుడిని అడిగి తెలుసుకుని, దానికి ముప్పావు గంట ముందు దింపేలా పొయ్యి వెలిగించండి. పులిహోరకు అన్నాన్ని గుండిగలోనే వదలకుండా పెద్ద పళ్ళెంలో పల్చగా ఆరబోసి కలపండి.

దద్దోజనంలో పాలు ఎక్కువ, పెరుగు రెండు చెంచాలు వేసి కలపండి, పంచేలోపు పుల్లబడదు. వడపప్పు వేసవిలో త్వరగా వాసన వస్తుంది కాబట్టి పూజకు రెండు గంటల ముందు నానబెడితే చాలు, రాత్రే నానబెట్టకండి. పానకానికి కాచి చల్లార్చిన నీళ్ళు వాడండి.

రుచి చూడకుండా వండటం

నివేదనకు ముందు రుచి చూడకూడదు, వాసన కూడా చూడకూడదు. కొత్తగా చేసేవాళ్ళకు ఇదే పెద్ద భయం, ఉప్పు తక్కువైతేనో, ఎక్కువైతేనో అని. దానికి మందు కొలత ఒక్కటే. కిలో బియ్యం పులిహోరకు సమంగా కోసిన రెండు పెద్ద చెంచాల ఉప్పు, అంటే సుమారు ముప్పై ఐదు గ్రాములు. చింతపండు గుజ్జులో అంతా వేసి ఉడికించండి, అన్నంలో విడిగా వేస్తే ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ అవుతుంది. చక్కెర పొంగలిలో బియ్యం, పెసరపప్పు మెత్తగా ఉడికాకే బెల్లం వెయ్యండి. బెల్లం పడ్డాక మెతుకు ఇక మెత్తబడదు. పరమాన్నం పొయ్యి దింపి కాస్త చల్లారాక బెల్లం పాకం పోస్తే పాలు విరగవు.

పాత్రల సంగతి. చింతపండు, పెరుగు, పంచామృతం వంటి పుల్లటివి కళాయి లేని ఇత్తడిలో, రాగిలో ఉంచకండి. చిలుము పట్టి కడుపులో తిప్పుతుంది. స్టీలు, వెండి, మట్టి పాత్రలు మంచివి. రాగి చెంబు తీర్థానికీ నీళ్ళకీ ఉంచుకోండి.

పచ్చకర్పూరం ఇంకా జాగ్రత్త. పొంగల్లోనూ తీర్థంలోనూ వేసేది తినే పచ్చకర్పూరం, అదీ ఆవగింజంత. హారతి కర్పూరం బిళ్ళ వేరు, అది విషం, చిన్నపిల్లలకు కొద్దిగా కడుపులోకి వెళ్ళినా ఫిట్స్ వస్తాయి. రెండూ తెల్లగానే ఉంటాయి కాబట్టి ఒకే అరలో పెట్టకండి. మా వంటింట్లో పచ్చకర్పూరం ఏలకుల డబ్బాలో ఉంటుంది, హారతి కర్పూరం పూజగది దాటి రాదు.

ఉల్లి, వెల్లుల్లి వెయ్యరన్నది అందరికీ తెలిసిందే.

నివేదన

వండినదాంట్లో మొదటి భాగం వేరే చిన్న గిన్నెలోకో, అరిటాకులోకో తియ్యండి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు. దేవుడి ముందు నేల మీద నీళ్ళతో చతురస్రంగా మండలం గీసి, దాని మీద పళ్ళెం పెట్టండి. విష్ణువుకైతే ఒక తులసి దళం వెయ్యండి, శివుడికైతే మారేడు దళం. వినాయకుడికి మామూలు రోజుల్లో తులసి వాడరు.

గాయత్రి చెప్పి నీళ్ళు చిలకరించి, పగలైతే "సత్యం త్వర్తేన పరిషించామి" అని, రాత్రయితే "ఋతం త్వా సత్యేన పరిషించామి" అని పళ్ళెం చుట్టూ నీళ్ళు తిప్పండి. "అమృతమస్తు, అమృతోపస్తరణమసి" అని ఒక ఉద్ధరిణె నీళ్ళు వదలండి. తరవాత ప్రాణాయ, అపానాయ, వ్యానాయ, ఉదానాయ, సమానాయ అని ఒక్కొక్కదానికీ చివర స్వాహా చేర్చి, కుడిచేత్తో దేవుడికి తినిపిస్తున్నట్టు చూపండి. "మధ్యే మధ్యే పానీయం సమర్పయామి" అని నీళ్ళు ఇవ్వండి. అయ్యాక స్వామికి చేతులు, పాదాలు కడుగుతున్నట్టు నీళ్ళు వదిలి, ఆచమనం ఇచ్చి, తాంబూలం పెట్టండి.

మంత్రాలు రావా? "స్వామీ, ఆరగించు" అని మనసారా అనండి. ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్ళైనా భక్తితో ఇస్తే తీసుకుంటానని గీతలో కృష్ణుడే అన్నాడు. నివేదించాక రెండు నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చోండి. మా నాయనమ్మ ఈ రెండు నిమిషాలూ తలుపు దగ్గరగా వేసేది, "ఎవరైనా తినేటప్పుడు అలా నిలబడి చూస్తామా" అనేది. ఆవిడ ఆ మాట చెప్పినప్పుడు నాకు ఆరేడేళ్ళు. ఆ తలుపు చాటున నిజంగానే ఎవరో తింటున్నారని అనుకునేదాన్ని. ఇప్పటికీ ఆ రెండు నిమిషాలు నాకు అలాగే ఉంటుంది.

కలపడం, వెంటనే తీసిపెట్టడం

హారతి అయ్యాక, దేవుడి ముందున్న గిన్నెలోంచి ఒక్కో చెంచా తీసి వంటింట్లో ఉన్న పెద్ద గుండిగల్లో కలపండి. దాంతో అంతా ప్రసాదమే. మహాప్రసాదం ఒకటి, మామూలు పులిహోర ఒకటి అన్న తేడా ఉండదు. కొన్ని ఇళ్ళలో నివేదించిన గిన్నెను ఇంటివాళ్ళకూ, దగ్గరివాళ్ళకూ దాచి, మిగతాది వేరేగా పంచుతారు. మీ ఇంటి ఆచారం అదైతే కాదనను గానీ, నా మటుకు నాకు కలిపేయడమే సరైనదనిపిస్తుంది.

కలిపిన మరుక్షణం, హాల్లో ఒక్కరికి కూడా పెట్టకముందే, మీ చీటీలో గీత కింద ఉన్న పేర్లకు తీసిపెట్టండి. ఈ వ్యాసంలో ఒక్క అడుగే పాటిస్తానంటే ఇదే పాటించండి. మూతలున్న స్టీలు డబ్బాలు, లేకపోతే అడ్డాకుల పొట్లాలు ముందే సిద్ధంగా ఉంచుకోండి. పేరుకొకటి. డబ్బా మీద చిన్న కాగితం ముక్క అంటించండి. వీలైతే అందులో ఒక అరటిపండు, కొబ్బరి ముక్క కూడా పెట్టండి. ఇది మిగిలితే ఇద్దామనుకునే ప్రసాదం కాదు కాబట్టి గుండిగ నిండుగా ఉన్నప్పుడే, పైన జీడిపప్పూ పోపూ ఉన్నప్పుడే తియ్యాలి. అడుగుది గీకి ఇస్తే తీసుకునేవాళ్ళకి తెలుస్తుంది.

ఈ డబ్బాలు ఎవరి అజమాయిషీలో ఉంటాయో కూడా ఒకరికి అప్పగించండి. పూజ చేసే దంపతులకు ఆ హడావుడిలో గుర్తుండదు. మా ఇంట్లో ఇది ఇప్పుడు మా అబ్బాయి పని. వాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచీ చేస్తున్నాడు, చీటీ చూసి ఒక్కో పేరూ కొట్టేస్తాడు.

తీర్థం

రాగి గిన్నెలో మంచినీళ్ళు, తులసి, చిటికెడు ఏలకుల పొడి, ఆవగింజంత పచ్చకర్పూరం. ఉద్ధరిణెతో మూడుసార్లు ఇస్తారు. తీసుకునేవాళ్ళు కుడి అరచెయ్యి గుంటగా పట్టి, చూపుడు వేలిని బొటనవేలితో వంచి, కింద ఎడమచేతిని కొంగుతోనో కండువాతోనో ఆనించాలి. చుక్క కింద పడకుండా. ఇచ్చేవాళ్ళు "అకాల మృత్యుహరణం సర్వవ్యాధి నివారణం" అంటూ ఇస్తారు. ఉద్ధరిణె చేతికి తగలకుండా కాస్త ఎత్తు నుంచి వదలండి. అభిషేకం చేసిన పంచామృతాన్ని తీర్థంగా ఇస్తుంటే అది గది వేడిలో ఎక్కువసేపు ఉండనివ్వకండి.

పంచేటప్పుడు

వరుసగా పెద్దవాళ్ళ నుంచి మొదలుపెట్టడం మన మర్యాద. అయితే ఆకలేసిన పిల్లలు, గర్భిణులు, జబ్బుతో ఉన్నవాళ్ళు ఉంటే ముందు వాళ్ళకే. ఇది ఇప్పటివాళ్ళు తెచ్చిన సడలింపు కాదు, అతిథులకన్నా ముందే వీళ్ళకు పెట్టాలని మన ధర్మశాస్త్రమే చెప్పింది. కథ పూర్తయ్యేదాకా పిల్లలను ఆపలేకపోతే వాళ్ళ కోసం పూజగదికి రాని పళ్ళో పాలో విడిగా ఉంచండి. ఆకలితో ఏడుస్తున్న పిల్లాడిని కసిరితే, వాడికి పూజ అంటే ఆ కసురే గుర్తుంటుంది.

కుడిచేత్తో పెట్టండి. చెంచాతో ఎత్తి వెయ్యండి, వేళ్ళతో కాదు. జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు ఆ రోజుకి పంచే పని ఇంకొకరికి వదలాలి. నిలబడి ఉన్న మనిషి చేతిలో వేసేటప్పుడు మీరు కాస్త వంగండి. కూర్చున్నవాళ్ళకైతే మీరూ వంగి దొన్నె అందించండి. విసిరినట్టు, జారవిడిచినట్టు వెయ్యకండి. ఒకసారి ఒక ఇంట్లో వరండాలో నిలబడ్డ డ్రైవర్లకు ప్రసాదాన్ని గడప లోపలి నుంచి చెయ్యి చాపి పైనుంచి జారవిడుస్తుంటే చూశాను. లోపలివాళ్ళకు మాత్రం వెండి పళ్ళెంలో ఇచ్చారు. అదే గుండిగ, అదే ప్రసాదం. తుంగధ్వజుడి కథ వినిపించిన ఇల్లే అది.

కాబట్టి అందరికీ ఒకే రకం దొన్నె, ఒకే కొలత, ఒకే మర్యాద. పనిచేసేవాళ్ళను కూడా పేరు పెట్టి పిలిచి, హాల్లోనే, వచ్చినవాళ్ళతో పాటే పెట్టండి. పురోహితుడికి సంభావన, తాంబూలం ఇచ్చేటప్పుడు ఆయనకు ప్రసాదం కట్టి ఇవ్వడం మరవకండి. పొద్దున్నే వేరే ఇంట్లో పూజ చేయించి వచ్చి, మధ్యాహ్నం ఇంకో ఇంటికి వెళ్ళే మనిషి ఆయన. చాలాసార్లు ఏమీ తినకుండానే వెళ్తారు.

ముత్తైదువలకు తాంబూలంతో పాటు ఇస్తుంటే రెండు ఆకులు, రెండు వక్కలు, జంటగా అరటిపళ్ళు, పసుపు కుంకుమ, పైన ప్రసాదం పొట్లం. వరలక్ష్మీ వ్రతానికి నానబెట్టిన శనగలు. వాయనం ఇచ్చేటప్పుడు "ఇస్తినమ్మ వాయనం" అంటే అవతలివాళ్ళు "పుచ్చుకుంటినమ్మ వాయనం" అనాలి కదా. ఈ మాటలు ఇప్పుడు హడావుడిలో వదిలేస్తున్నారు. వదలకండి. ఇచ్చే చెయ్యీ పుచ్చుకునే చెయ్యీ రెండూ కలిస్తేనే వాయనమని ఆ మాటల్లోనే ఉంది.

వేరే మతం స్నేహితులు, ఇరుగుపొరుగు ఉంటే "ఇది దేవుడికి పెట్టిన ప్రసాదం, తీసుకుంటారా" అని ముందే చెప్పి అడగండి. చెప్పకుండా పెట్టడం తప్పు. వద్దంటే నొచ్చుకోకుండా, నివేదించని పళ్ళు ఇవ్వండి, ఓ కప్పు కాఫీ ఇవ్వండి.

ఎవరికి ఏది వద్దు

ఏడాది నిండని పసివాళ్ళకు పంచామృతం నాకించకండి. అందులో తేనె ఉంటుంది. తేనెలో ఉండే బొట్యులిజం బీజాలు అంత చిన్న పిల్లల పేగుల్లో మొలకెత్తి ప్రాణం మీదికి తెస్తాయి. అమ్మమ్మలు, నాయనమ్మలు ముద్దుగా వేలితో నాలుక మీద రాస్తామంటారు. వాళ్ళతో వాదించకుండా, ఆ పంచామృతాన్ని బిడ్డ నుదుట బొట్టులా పెట్టమనండి, వాళ్ళ ముచ్చటా తీరుతుంది. మా ఇంట్లో అలాగే చేశాం.

షుగరు ఉన్నవాళ్ళను "ప్రసాదం కదా, ఏం కాదు" అని బలవంతపెట్టకండి. వాళ్ళకు చిటికెడు చాలు, లేదా కొబ్బరి ముక్క. జీడిపప్పు, వేరుశనగ పడనివాళ్ళు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నారు, పులిహోరలో పల్లీలు వేశామని పంచేటప్పుడే చెప్పండి. పుచ్చుకునేవాళ్ళకూ ఒక మాట. తినలేనప్పుడు కళ్ళకద్దుకుని ఒక్క మెతుకు నోట్లో వేసుకుని, మిగతాది అక్కడే ఉన్న మరొకరికి ఇవ్వండి. చేతిలో పట్టుకెళ్ళి గేటు దగ్గర పారేసేకన్నా అది ఎంతో నయం.

ఇళ్ళకి పంపడం

విస్తరాకు, అడ్డాకు, మోదుగాకు దొన్నెలు, బాదం ఆకులు, అరిటాకు ముక్కలు. అన్నవరం ప్రసాదం ఇప్పటికీ ఆకు పొట్లంలోనే ఇస్తారు, ఆ ఆకు వాసన పట్టిన రుచి వేరు. పాత దినపత్రికల్లో కట్టకండి, వేడి నూనెకి అచ్చు సిరా ఊడి తిండిలోకి దిగుతుందని దేశ ఆహార భద్రత సంస్థ 2016లోనే హెచ్చరించింది. ప్లాస్టిక్ చెంచాలు, కప్పులు, పళ్ళాలు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి, పండగ పేరుతో అవి కొనకండి. వెండిరంగు పూత పూసిన కాగితం గిన్నెలు ఆకు దొన్నెల్లా కనిపించినా మట్టిలో కలవవు.

వేడి పులిహోరను వెంటనే డబ్బాలో మూత బిగిస్తే ఆవిరి నీరై అన్నం పులుస్తుంది. ఆరాక పెట్టండి. ఎవరితో పంపుతున్నారో వాళ్ళకు "వెళ్ళగానే తినమని చెప్పండి" అని ఒక మాట చెప్పండి.

మిగిలితే

లెక్క ప్రకారం చేస్తే కొంచెమే మిగులుతుంది. అది ఫ్రిజ్‌లో పెట్టుకుని మర్నాడు ఇంట్లోవాళ్ళే తినాలి, ప్రసాదాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదని నియమమేమీ లేదు. చాలా మిగిలితే పాడవకముందే, వెంటనే, దగ్గర్లో ఇల్లు కడుతున్న కూలీలకో, ఆసుపత్రి బయట కూర్చున్నవాళ్ళకో ఇచ్చి రండి. పాడైనదాన్ని మాత్రం ఎవరికీ ఇవ్వకండి.

ఆవుకు పెడితే పుణ్యమని బకెట్ల కొద్దీ అన్నం పోస్తారు. ఆవు కడుపు గడ్డికి తగినట్టు ఉంటుంది. ఒక్కసారిగా అంత అన్నం పడితే కడుపులో ఆమ్లం పెరిగి చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఓ పిడికెడు పెట్టి, తరవాత గడ్డో, అరటి తొక్కలో వెయ్యండి. ప్లాస్టిక్ సంచీతో సహా అసలు వెయ్యకండి. తినడానికి పనికిరానిది మిగిలితే ఎవరూ తొక్కనిచోట మట్టి తవ్వి కప్పెయ్యండి. ఉప్పూ నూనే ఉన్నవి తులసి కుండీలో వద్దు, మొక్క చస్తుంది. కొబ్బరి చిప్పలు, పూలు, ఆకులు ఎరువుకి వెళ్తే చాలు, నదిలోకీ చెరువులోకీ సంచులు విసరనక్కర లేదు.

శివలింగం మీద పోసినవీ, పెట్టినవీ మా ఇంట్లో తినం, చెట్టు మొదట్లో వేస్తాం. లింగం ముందు పెట్టి నివేదించినది తింటాం. ఇందులో ఒక్కో ఇంటి పద్ధతి ఒక్కోలా ఉంటుంది, మీ పెద్దవాళ్ళని అడిగి అదే చెయ్యండి.

డబ్బాలు తిరిగి వచ్చాక

 మీరు పంపిన స్టీలు డబ్బాను ఖాళీగా తిరిగి పంపకూడదని మనవాళ్ళకు ఎప్పటి నుంచో ఉంది, ఓ చెంచా పంచదారైనా వేసి పంపుతారు. అందుకే ఆకు పొట్లాల కన్నా మూత డబ్బాలే నాకు ఇష్టం. అలాగే, మీ దగ్గరికి ప్రసాదం వచ్చిన డబ్బా ఉంటే వారం దాటనివ్వకుండా పంపెయ్యండి, అడిగించుకోకండి.

మొన్న కార్తీకంలో వ్రతం అయ్యాక మూడో రోజు, గిన్నెలు తోమే ఆవిడ డబ్బా తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టింది. మూత తీస్తే లోపల నాలుగు ఉసిరికాయలు, ఒక గుప్పెడు పేలాలు ఉన్నాయి. వాళ్ళ ఇంట్లో కూడా దీపం పెట్టుకుని నివేదించారట. ఉసిరికాయ ఒకటి కడిగి నేను అక్కడే నిలబడి తిన్నాను, మిగతా మూడూ పిల్లలకి దాచాను.